సాగుదారు హక్కు పత్రం: కౌలు రైతుకు ఈ సేవ ఎంతవరకు అందుతోంది

ఆంధ్రప్రదేశ్‌లో ఇతరుల భూమిని కౌలుకు తీసుకుని పండించే రైతు ప్రభుత్వం దృష్టిలో రైతుగా నమోదు కావాలంటే అతని చేతిలో ఉండవలసిన కాగితం పంట సాగుదారు హక్కు పత్రం. ఊళ్లలో దీన్ని సీసీఆర్‌సీ అనీ, కౌలు కార్డు అనీ అంటారు. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే ఈ కార్డు 11 నెలలు చెల్లుతుంది. పంట రుణం, పంటల బీమా, తుపానులు వరదల్లో పంట పోయినప్పుడు ఇచ్చే పెట్టుబడి రాయితీ కౌలు రైతుకు దీని ఆధారంగా అందాలన్నది చట్టం ఉద్దేశం. మా ఊరిలోనూ బంధువుల్లోనూ కౌలు సేద్యం మీదే బతికే కుటుంబాలకు ఈ దరఖాస్తులు నింపిపెట్టడంలో, కార్డు వచ్చాక బ్యాంకుకు తోడు వెళ్లడంలో నాకు కలిగిన పరిచయంతో, ఈ సేవ ఎవరికి అందుతోంది, ఎవరి దగ్గర ఆగిపోతోంది అన్నది ఇక్కడ రాస్తున్నాను.

ఈ సేవ బాగోగులు కొద్దిమందికి సంబంధించిన విషయం కాదు. జాతీయ నమూనా సర్వే సంస్థ 2019లో జరిపిన 77వ విడత సర్వేలో, కౌలు భూముల్లో సాగే కమతాల వాటా ఆంధ్రప్రదేశ్‌లో దేశంలోకెల్లా ఎక్కువగా, 42 శాతం దాకా తేలింది. దేశవ్యాప్త సగటు 17 శాతం. సర్వేకు చిక్కని నోటిమాట కౌలు దీనికి అదనం. ఆ కౌలుదారుల్లో ఎక్కువమంది సెంటు భూమి లేనివారు, లేదా ఎకరం అరెకరం ఉండి అది చాలక మరో రెండెకరాలు పట్టేవారు. దళితులు, వెనుకబడిన కులాలవారు, ఒంటరి మహిళలు ఈ వరుసలోనే ఎక్కువగా కనిపిస్తారు. అందువల్ల వ్యవసాయ బడ్జెట్‌లో అందరికీ సమానమైన చోటు ఉందా లేదా అని తెలుసుకోవాలనుకునేవారు బడ్జెట్ ప్రసంగాలకంటే ముందు ఈ చిన్న కార్డు సంగతి చూడాలి.

ముందుగా ఇందులోని మంచి చెప్పాలి. చట్టం రాసిన తీరు స్పష్టంగా ఉంది. కార్డు పంట మీద హక్కునే ఇస్తుంది తప్ప భూమి మీద ఏ హక్కునూ ఇవ్వదని, దీన్ని చూపించి కౌలుదారు తరవాత భూమి తనదనడానికి వీలులేదని చట్టంలోనే ఉంది. దరఖాస్తుకు మండల కేంద్రానికి పోనక్కరలేదు. గ్రామ సచివాలయంలోనే పని జరుగుతుంది. గ్రామ రెవెన్యూ అధికారి, వ్యవసాయ సహాయకుడు ఊరిలో అందుబాటులో ఉంటే, భూయజమాని కూడా అదే ఊరివాడై సహకరిస్తే, పెద్ద కష్టం లేకుండానే కార్డు చేతికి వస్తుంది. అలా వచ్చినవారిని నేను చూశాను. వరి కోతకు ముందు తుపాను వచ్చిన ఏడు, కార్డు ఉండి ఈ-పంటలో, అంటే ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసే ప్రభుత్వ నమోదులో, పేరు ఎక్కిన కౌలుదారు ఖాతాలో నష్టపరిహారం నేరుగా పడటం, అది యజమాని చేతుల మీదుగా రావలసిన అవసరం లేకపోవడం చిన్న మార్పు కాదు. అంతకుముందు పంట పోయేది కౌలుదారుకు, పరిహారం వచ్చేది పట్టాదారుకు.

అయితే పైన చెప్పిన ‘యజమాని సహకరిస్తే’ అన్న షరతు దగ్గరే సేవ సగం ఆగిపోతోంది. దరఖాస్తు మీద భూయజమాని సంతకం తప్పనిసరి. సంతకం లేకపోతే ఆ రైతు పదేళ్లుగా అదే పొలం దున్నుతున్నాడని ఊరంతా చెప్పినా కార్డు రాదు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో తెచ్చిన లైసెన్సు పొందిన సాగుదారుల చట్టం ఈ విషయంలో మరో దారి పట్టింది. దానికింద రుణ అర్హత కార్డు ఇవ్వడానికి యజమాని రాతపూర్వక అంగీకారం అవసరం లేదు. దరఖాస్తును గ్రామసభలోనూ క్షేత్రంలోనూ విచారించి రెవెన్యూ అధికారులు నిర్ణయించేవారు. ఆ చట్టం అమలు అన్నిచోట్లా బాగుందని చెప్పను. కానీ రైతు ఎవరన్న ప్రశ్నకు జవాబు ఊరి సాక్ష్యం నుంచి రావాలన్న ఆలోచన అందులో ఉంది. 2019 చట్టం ఆ జవాబును పట్టాదారు కలానికి అప్పగించింది.

యజమానులు ఎందుకు సంతకం పెట్టరన్నది అర్థం చేసుకోవలసిన విషయమే. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలు చట్టం కౌలుదారుకు కనీసం ఆరేళ్ల గడువును, భూమి అమ్మేటప్పుడు కొనడానికి మొదటి అవకాశాన్ని ఇచ్చింది. ఆ రక్షణ కౌలుదారుకు మేలు చేయడానికి వచ్చినదే అయినా, కాగితం రాస్తే భూమి పోతుందన్న భయాన్ని యజమానుల ఇళ్లలో తరతరాలుగా నిలిపింది. కౌలు మొత్తం నోటిమాటకు మారిపోవడానికి అదొక కారణమైంది. కొత్త చట్టం ఆ భయానికి ఆధారం లేదని చెప్తున్నా, ఊరిలో ఒక్కరు అనుమానం లేవనెత్తితే చాలు, పదిమంది వెనక్కి తగ్గుతారు. పట్నంలోనో విదేశంలోనో ఉండే యజమానుల విషయంలో సంతకం అడగడానికి మనిషే దొరకడు. పొలం చూసుకునే బంధువు కౌలు వసూలు చేస్తాడు గానీ దరఖాస్తు మీద చేయి పెట్టడు. అదే పొలం మీద తాను ఇప్పటికే పంట రుణం తీసుకుని ఉండటం, పరిహారమూ బోనస్సూ తన ఖాతాకే రావాలనుకోవడం వంటి కారణాలు కూడా ఉంటాయి. ఇద్దరు ముగ్గురు యజమానుల దగ్గర ముక్కలు ముక్కలుగా పట్టిన రైతు అయితే ఆ అందరి చుట్టూ, అదీ ఏటేటా తిరగాలి. 11 నెలల గడువు వల్ల నిరుడు వచ్చిన కార్డు ఈ ఏడు చెల్లదు.

సంతకం అడగడం అంటే కౌలుదారుకు మరో అర్థం కూడా ఉంది. వచ్చే ఏడు పొలం తనకే దక్కుతుందా, పక్కవాడు రెండు బస్తాలు ఎక్కువ ఇస్తానంటే వాడికి పోతుందా అన్న బెంగ అతనికి ఎప్పుడూ ఉంటుంది. పట్టుబట్టి సంతకం అడిగితే పొలమే పోవచ్చు. అందుకే చాలామంది అసలు దరఖాస్తే పెట్టరు. దరఖాస్తు పెట్టనివారిని ఏ లెక్కా తిరస్కరించినవారిగా చూపించదు. వారు అడగలేదు కాబట్టి ఇవ్వలేదన్నట్టు కనిపిస్తుంది. నాకు ఈ సేవలో అన్నిటికంటే బాధ కలిగించే లోపం ఇదే.

కార్డు వచ్చాక రెండో గుమ్మం బ్యాంకు. ఇక్కడ నియమాలకూ ఆచరణకూ మధ్య దూరం చాలా ఎక్కువ. 1998లో మొదలైన కిసాన్ క్రెడిట్ కార్డు పథకం మార్గదర్శకాల్లో కౌలుదారులు, నోటిమాట కౌలుదారులు, పాలుకు చేసేవారు అర్హులని స్పష్టంగా ఉంది. 2025 జనవరి 1 నుంచి రెండు లక్షల రూపాయల వరకు వ్యవసాయ రుణాలకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు పరిమితిని పెంచింది. అంతకుముందు అది లక్షా అరవై వేలు. బ్యాంకులు ఇచ్చే మొత్తం రుణాల్లో 18 శాతం వ్యవసాయానికి, అందులో భాగంగా 10 శాతం సన్న, చిన్నకారు రైతులకు వెళ్లాలన్న లక్ష్యం ఉంది, కౌలుదారులు ఆ లెక్కలోకి వస్తారు. భూమి లేనివారు నలుగురి నుంచి పదిమంది దాకా కలిసి ఉమ్మడి బాధ్యతా బృందంగా రుణం తీసుకునే ఏర్పాటును జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు ఎప్పటినుంచో ప్రోత్సహిస్తోంది. ఇన్ని దారులు ఉన్నా, నేను తోడు వెళ్లిన ఒక బ్యాంకు శాఖలో వినిపించిన మొదటి ప్రశ్న పట్టాదారు పాస్‌పుస్తకం ఏదీ అన్నదే. కార్డు చూపిస్తే, ఆ సర్వే నంబరు మీద యజమాని ఇప్పటికే రుణం తీసుకున్నాడు కాబట్టి మరో రుణం కుదరదన్నారు. యజమాని తీసుకున్న ఆ రుణం ఆ పొలంలోని పంటకే పోయిందా అని అడిగే ఏర్పాటు మాత్రం ఎక్కడా లేదు.

ఈ తిరస్కారం ఖరీదు వడ్డీలో కనిపిస్తుంది. మూడు లక్షల లోపు పంట రుణానికి కేంద్రం వడ్డీ రాయితీతో 7 శాతం వడ్డీ, గడువులోగా కడితే మరో 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. బ్యాంకు కాదన్న రైతు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి తెస్తాడు. లేదా ఎరువుల దుకాణంలో అరువు పెట్టి, పంటను అదే వ్యాపారికి అతను చెప్పిన ధరకు తోలుతాడు. భూమి ఉన్నవాడికి నాలుగు శాతానికి, లేనివాడికి ఇరవైనాలుగు శాతానికి డబ్బు దొరికే చోట ఇద్దరూ ఒకే మార్కెట్‌లో ఒకే ధరకు ధాన్యం అమ్మాలి. దీనిమీద కౌలు బస్తాలు వేరే.

ఈ-పంట నమోదు విషయంలో పెద్దగా చెప్పవలసింది లేదు. సాగు చేసేవారి పేరుతో నమోదు చేసే వీలు ఉంది, వ్యవసాయ సహాయకులు పొలానికి వచ్చి ఫొటో తీస్తారు, వేలిముద్రతో నిర్ధారణ జరుగుతుంది. 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలుగా మొదలై ఇప్పుడు రైతు సేవా కేంద్రాలుగా నడుస్తున్న ఊరి కేంద్రాలు ఈ పనికి అనువుగా ఉన్నాయి. నమోదు గడువు దాటకముందే మన పేరే ఎక్కిందో లేదో చూసుకోవడం ముఖ్యం. యజమాని పేరు ఎక్కి ఉంటే తరవాత మార్పించుకోవడం కష్టం.

నేరుగా డబ్బు ఇచ్చే పథకాల దగ్గర ఈ కార్డు విలువ ఎంతో వేరుగా చూడాలి. కేంద్రం ఏటా మూడు విడతల్లో ఇచ్చే 6,000 రూపాయల పీఎం కిసాన్ భూమి తమ పేరున ఉన్న కుటుంబాలకే. సాగు చేస్తున్నారా లేదా అన్నది అక్కడ ప్రశ్న కాదు, 2019 ఫిబ్రవరి 1 నాటికి రికార్డుల్లో పేరు ఉందా అన్నదే ప్రశ్న. కౌలుదారుకు ఏ కార్డు ఉన్నా అందులో చోటు లేదు. రాష్ట్రంలో 2019 అక్టోబరు 15న ప్రారంభమైన రైతు భరోసా కౌలుదారులకూ ఏటా 13,500 రూపాయలు, పూర్తిగా రాష్ట్ర ఖజానా నుంచి, ఇచ్చింది. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన వర్గాలు, మైనారిటీలకు చెందిన భూమిలేని కౌలుదారులకే ఆ అవకాశం. అట్టడుగున ఉన్నవారికి ముందు ఇవ్వాలన్న ఆ ఎంపికను నేను సమర్థిస్తాను. డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు వరుసలో చివర ఉన్నవారి నుంచి మొదలుపెట్టడం న్యాయం. కానీ అదే నియమం కింద, ఏ ఆసరా లేని ఇతర కులాల పేద కౌలుదారు బయట ఉండిపోగా, పట్నంలో ఉద్యోగం చేసుకుంటూ పొలం కౌలుకిచ్చిన పట్టాదారు లోపల ఉన్నాడు. కులాన్ని చూడటం ఇక్కడి తప్పు కాదు. కౌలుదారు అర్హతను వెయ్యి కళ్లతో పరీక్షించిన ప్రభుత్వం, భూమి ఉన్నవారి అర్హతను మాత్రం అంత శ్రద్ధగా చూడలేదు. 2025 ఆగస్టు 2న మొదలైన అన్నదాత సుఖీభవ భూయజమాని కుటుంబానికి కేంద్రం ఇచ్చేదానితో కలిపి ఏటా 20,000 రూపాయలు ఇస్తుంది. కౌలుదారు ఈ పథకంలోకి రావాలన్నా దారి మళ్లీ ఆ కార్డే, అంటే మళ్లీ ఆ సంతకమే.

ఇక మహిళల సంగతి. గ్రామీణ భారతంలో పనిచేసే స్త్రీలలో నాలుగింట మూడొంతులకు పైగా వ్యవసాయంలోనే ఉన్నారని కార్మిక సర్వేలు చెప్తున్నాయి. 2015-16 వ్యవసాయ గణనలో స్త్రీల పేరున నడిచే కమతాలు మొత్తంలో 13.87 శాతమే. మన రాష్ట్రం 1985లోనే, కేంద్రం కంటే ఇరవై ఏళ్ల ముందే, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఇచ్చినా, పొలం విషయంలో ఆ హక్కు కట్నంతో సరిపెట్టేయడం కొనసాగుతూనే ఉంది. అందుచేత భూమిని బట్టి నడిచే ఏ పథకమైనా స్త్రీని వెలుపలే ఉంచుతుంది. సాగును బట్టి నడవవలసిన ఈ కార్డు అక్కడ తేడా చూపగలిగేది. చూపలేదు. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ నాట్లు, కలుపు, కోత చేసినా కార్డు మీద భర్త పేరే ఉంటుంది. భర్త చనిపోయిన, లేదా వలస వెళ్లిన ఇంటి ఇల్లాలు కౌలు కొనసాగిస్తే ఆమె పేరుకు మార్చడానికి మళ్లీ మొదటి నుంచి యజమాని దగ్గరకు వెళ్లాలి. మగవాళ్లతో మాట్లాడటానికే ఇష్టపడే యజమాని దగ్గర ఆమె మాట ఎంత దూరం వెళ్తుందో చెప్పనక్కరలేదు. స్వయం సహాయక సంఘాల ద్వారా మన రాష్ట్రంలో లక్షలాది స్త్రీలు బ్యాంకుకు నమ్మకమైన రుణగ్రహీతలుగా నిరూపించుకున్నారు. సంఘం తీర్మానాన్ని సాగుకు సాక్ష్యంగా తీసుకుంటే ఈ చిక్కులో సగం తీరుతుంది.

ఉమ్మడి పేర్ల విషయంలో అటవీ హక్కుల చట్టం దారి చూపింది. 2006 నాటి ఆ చట్టం కింద ఇచ్చే పట్టా పెళ్లయిన వారైతే భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలని చట్టమే చెప్పింది. పోడు పట్టాలున్న గిరిజనులు రాష్ట్ర రైతు భరోసాలోనూ, పీఎం కిసాన్‌లోనూ లబ్ధిదారులయ్యారు. ఆ భూమిని తాకట్టు పెట్టడానికి వీలులేదు కాబట్టి రుణం ఇవ్వలేమని చెప్పే బ్యాంకులు, రెండు లక్షల దాకా తాకట్టే అడగకూడదన్న సంగతి గుర్తుచేసుకుంటే చాలు.

పక్క రాష్ట్రంతో పోల్చి చూస్తే ఈ కార్డు ఎంత లోపభూయిష్టమైనా ఉండటమే నయమనిపిస్తుంది. 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైన తెలంగాణ రైతుబంధు పథకం ఎకరానికి పంటకు 4,000, తరవాత 5,000 రూపాయలు పట్టాదారుకే ఇచ్చింది. కౌలుదారును ఉద్దేశపూర్వకంగానే పక్కన పెట్టింది, పైగా ఎన్ని ఎకరాలు ఉన్నవారికైనా ఇచ్చింది. 18 నుంచి 59 ఏళ్ల రైతు చనిపోతే కుటుంబానికి ఐదు లక్షలు ఇచ్చే రైతు బీమా కూడా పట్టాదారు పాస్‌పుస్తకాన్నే అడుగుతుంది. అప్పుల్లో చిక్కి ఉసురు తీసుకున్న రైతుల్లో కౌలుదారులు ఎందరో ఉన్న రాష్ట్రంలో ఇది చాలా క్రూరమైన గీత. 2011 చట్టం అక్కడ రద్దు కాకపోయినా కార్డుల జారీ ఆచరణలో నిలిచిపోయింది. 2025 జనవరి 26న అక్కడ రైతుబంధు స్థానంలో అదే రైతు భరోసా పేరుతో వచ్చిన పథకం ఎకరానికి ఏటా 12,000 రూపాయలకు పెరిగింది గానీ పట్టాదారు గీత దాటలేదు. అదే రోజు భూమిలేని కూలీ కుటుంబాలకు ఏటా 12,000 రూపాయలతో ప్రారంభించిన ఇందిరమ్మ ఆత్మీయ భరోసా మాత్రం ఆహ్వానించదగ్గది.

2007 నాటి జాతీయ రైతు విధానం, స్వామినాథన్ కమిషన్ సిఫార్సుల మీద ఆధారపడి, రైతు అన్న నిర్వచనంలో కౌలుదారులను, పాలుకు చేసేవారిని, కూలీలను, పోడు సాగుదారులను అందరినీ చేర్చింది. ఆ నిర్వచనాన్ని గుమ్మం దగ్గర అమలు చేసే సాధనం ఏదైనా ఉంటే అది ఈ కార్డే అవ్వాలి. ఇప్పుడున్న రూపంలో దీనికి ఐదుకు రెండున్నర ఇస్తాను. యజమాని నిర్ణీత గడువులో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే గ్రామసభ విచారణ మీద కార్డు ఇచ్చేటట్టు మారిస్తే మరో ఒకటిన్నర కలుపుతాను. భార్యాభర్తల ఉమ్మడి పేర్లు, యజమాని రుణంతో సంబంధం లేకుండా పంటను బట్టి రుణం ఇవ్వడం ఆ తరవాతి పనులు.

ఈలోగా కార్డుకు వెళ్లేవారు ఖరీఫ్ దుక్కులకు ముందే, యజమానికి కౌలు బయానా ఇచ్చే రోజునే దరఖాస్తు మీద సంతకం అడగడం మేలు, ఎందుకంటే పంట పెట్టాక కౌలుదారు మాటకు బరువు తగ్గిపోతుంది. చట్టంలోని ‘భూమి మీద హక్కు రాదు’ అన్న భాగాన్ని తెలుగులో అచ్చువేయించి దరఖాస్తుతోపాటు యజమానికి ఇవ్వండి. వెనుకాడుతున్న ఒకరిద్దరు అది చదివాక ఒప్పుకున్నారు. బ్యాంకు కాదంటే కారణాన్ని కాగితం మీద రాసి ఇమ్మని అడగండి, ఆ కాగితంతో జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరు కార్యాలయానికి వెళ్లండి. ఒంటరిగా కంటే నలుగురైదుగురు కౌలుదారులు బృందంగా వెళ్లినప్పుడు అక్కడ మాట వినిపించుకుంటున్నారు.